విరిగిన సమాధి రాళ్ళు: ముందు రాసుకోండి, తర్వాతే ముట్టుకోండి

"ఏరా, సెలవురోజు పూటా శ్మశానంలో నీకేం పనిరా?" అని మా అమ్మ అడిగిన ప్రశ్నకి సరైన సమాధానం చెప్పడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఈ నెల శీర్షికలో ఆ సమాధానమే రాస్తున్నాను. సాంకేతిక శీర్షికలో శ్మశానం ఏమిటని కంగారు పడకండి. డేటాబేసులూ, కెమెరాలూ, జీపీఎస్సూ అన్నీ వస్తాయి.

మేముండేది మసాచూసెట్స్ లో, బోస్టన్ కి పడమటగా ఉన్న ఓ చిన్న ఊళ్ళో. ఇక్కడి పాత ఊళ్ళలో శ్మశానం మనకి లాగా ఊరి బయట ఏటి ఒడ్డున ఉండదు. చర్చి పక్కనో, బడి పక్కనో, నడిబొడ్డునే ఉంటుంది. మా విషయంలో అయితే పెరటి గోడకి అవతలే! ఇల్లు కొన్నప్పుడు ఈ సంగతి ఇండియాలో ఎవరికీ చెప్పలేదు. చెబితే గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేవారు కాదు.

ప్రతి వసంతంలోనూ మా ఊరి శ్మశాన కమిషన్ వాళ్ళు ఆకులు ఊడ్చడానికీ, విరిగిపడ్డ కొమ్మలు తీయడానికీ వలంటీర్లని పిలుస్తారు. మూడేళ్ళ కిందట ఇరుగుపొరుగు వాళ్ళతో పరిచయమవుతుందని నేనూ వెళ్ళాను. ఓ మూల మేపుల్ చెట్టు కింద, ఆకుల్లో తెల్లటి పాలరాతి ముక్కలు కొన్ని కనిపించాయి. గడ్డి కోసే యంత్రం వాటిమీదకి ఎక్కితే ఇంకా ముక్కలవుతాయి కదా అనిపించింది. పదకొండు ముక్కల్నీ ఏరి, జాగ్రత్తగా తీసుకెళ్ళి గోడ పక్కన ఒకచోట పేర్చాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

ఆ పనులన్నీ చూసే పెద్దావిడ ఒకరు, రిటైరైన స్కూలు టీచరు, వచ్చి ఆ కుప్ప చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా ఒక్కటే అడిగారు: "ఏ ముక్క ఎక్కడ పడి ఉంది?"

నేను చెప్పలేకపోయాను. ఆ చెట్టు కింద రెండు చిన్న పిల్లల సమాధులున్నాయట. రెండు రాళ్ళూ ఒకే నమూనా, రెండింటి మీదా గొర్రెపిల్ల బొమ్మ. నూట డెబ్భై ఏళ్ళకి పైగా వానకీ మంచుకీ అక్షరాలు అరిగిపోయాయి. ఏ రాయి ఏ బిడ్డదో చెప్పడానికి మిగిలిన ఆధారం అల్లా అవి పడి ఉన్న చోటు మాత్రమే. ఆ ఆధారాన్ని నేను అయిదు నిమిషాల్లో చెరిపేశాను.

మన భాషలో చెప్పాలంటే, ప్రైమరీ కీ ఉన్న కాలమ్ ని బ్యాకప్ లేకుండా డిలీట్ చేశాను.

చోటు పోతే ఏం పోతుంది?

నేను చేసింది చిన్న తప్పు. ఇదే తప్పు పెద్ద ఎత్తున జరిగిన ఊరు వాషింగ్టన్ డి.సి. అక్కడ 1859 లో నల్లజాతి వాళ్ళ సంఘం ఒకటి కొలంబియన్ హార్మనీ అనే శ్మశానాన్ని ఏర్పాటు చేసింది. అబ్రహాం లింకన్ భార్య దగ్గర దుస్తులు కుట్టిన, తన జీవితాన్ని పుస్తకంగా రాసిన ఎలిజబెత్ కెక్లీని అక్కడే పాతిపెట్టారు. 1960 లో ఆ స్థలం అమ్ముడుపోయింది. దాదాపు 37,000 మంది అవశేషాలని తవ్వి, మేరీల్యాండ్ లోని లాండోవర్ కి తరలించారు. రాళ్ళని మాత్రం వాటితో పంపలేదు. అవి పాత సామానులాగా అమ్ముడైపోయాయి. ఆ స్థలంలో 1976 నుంచి రోడ్ ఐలండ్ ఎవెన్యూ మెట్రో స్టేషను నడుస్తోంది.

ఆ రాళ్ళలో కొన్ని చాలా ఏళ్ళ తర్వాత వర్జీనియాలోని కింగ్ జార్జ్ కౌంటీలో, పోటోమాక్ నది ఒడ్డున బయటపడ్డాయి. ఒడ్డు కోసుకుపోకుండా అడ్డుగా వేసిన బండల్లో అవీ ఉన్నాయి! ఆ భూమిని కొనుక్కున్న వర్జీనియా సెనెటర్ రిచర్డ్ స్టూవర్ట్ వాటిని గమనించారు. 2020 లో వర్జీనియా ప్రభుత్వం వాటిని వెలికి తీసి లాండోవర్ కి పంపే ఏర్పాటు ప్రకటించింది. రాళ్ళ మీద పేర్లున్నాయి, లాండోవర్ లో అవశేషాలున్నాయి. కానీ ఏ పేరు ఎక్కడ నిలబడాలో చెప్పే లంకె తెగిపోయింది. రెండు టేబుళ్ళూ ఉన్నాయి, వాటిని కలిపే కీ లేదు.

అందుకే పాత శ్మశానాల్లో పని చేసేవాళ్ళు మొట్టమొదట నేర్పే పాఠం ఇది: శుభ్రం చేయడం, అతికించడం తర్వాత సంగతి. ముందు ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి.

రాయి సంగతి తెలుసుకుందాం

న్యూ ఇంగ్లండ్ లో సుమారు 1800 దాకా ఎక్కువగా వాడింది పలకరాయి. అవును, మనం అఆలు దిద్దిన మార్కాపురం పలకల రాయి లాంటిదే. దీనిమీద చెక్కిన అక్షరాలు మూడు వందల ఏళ్ళయినా నిన్న చెక్కినట్టుంటాయి. కానీ ఇది పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్య నీరు చేరి, చలికి గడ్డకట్టి, ఉబ్బి, అట్టలు అట్టలుగా ఊడిపోతుంది.

పందొమ్మిదో శతాబ్దంలో పాలరాయి వచ్చింది. ఇది కాల్షియం కార్బొనేట్. మామూలు వాననీటికే కొంచెం ఆమ్లగుణం ఉంటుంది (పి.హెచ్. 5.6 దాకా). గాలిలో గంధకం, నత్రజని ఆక్సైడులు కలిస్తే ఆ గుణం ఇంకా పెరుగుతుంది. దాంతో పాలరాయి పైపొర కరిగి, వేలితో రాస్తే పంచదారలా రాలుతుంది. అలా రాలే ప్రతి పలుకూ ఒక అక్షరంలో భాగమే. కనెక్టికట్ లోయలో ఎర్రటి ఇసుకరాయి ఎక్కువ. అదీ పొరలుగా ఊడుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివరికి గ్రానైట్ వచ్చి ఈ బాధలు చాలావరకు తగ్గాయి.

ఏ రాయో తెలిస్తే ఏం చెయ్యకూడదో తెలుస్తుంది. తట్టి చూస్తే డొల్లగా మోగే రాయినీ, పొరలూడుతున్న రాయినీ, పంచదారలా రాలుతున్న రాయినీ ఫొటో తీసి వదిలేయాలి, అంతే.

జీపీఎస్ సరిపోదు

నేను మొదట అనుకున్నది "ఫోన్ ఉందిగా, ఫొటో తీస్తే అక్షాంశ రేఖాంశాలు అవే పడతాయి" అని. ఆరుబయట, పైన ఏ అడ్డూ లేనప్పుడు కూడా మామూలు ఫోను జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడా చూపించవచ్చు. చెట్ల కింద ఇంకా ఎక్కువ. పాత శ్మశానాల్లో రాయికీ రాయికీ మధ్య దూరం ఒక మీటరు! అంటే ఫోను ఇచ్చే చుక్క ఏ వీధో చెబుతుంది గానీ ఏ ఇల్లో చెప్పదు.

దీనికి మందు తొమ్మిదో తరగతి జామెట్రీ. కదలని గుర్తులు రెండు తీసుకోండి. మేము గేటు స్తంభాన్నీ, రాతిగోడ మూలనీ తీసుకున్నాం. ప్రతి ముక్క దగ్గరనుంచీ ఆ రెండింటికీ టేపుతో దూరం కొలవండి. రెండు దూరాలు తెలిస్తే వృత్తలేఖినితో గీసినట్టు రెండు చాపాలు ఖండించుకున్న చోటు దొరుకుతుంది. అవి రెండు చోట్ల ఖండించుకుంటాయి కాబట్టి, గీతకి ఏ పక్కనో కూడా రాసుకోండి. ఇరవై డాలర్ల టేపు అంగుళం తేడాలో చెప్పే సంగతిని ఫోను పదిహేను అడుగుల తేడాతో చెబుతుంది. సెంటీమీటర్ల లెక్కన చెప్పే సర్వే జీపీఎస్ లు ఉన్నాయి. మీ ఊరి ఇంజినీరింగు శాఖ అరువిస్తే మంచిదే.

తర్వాత ప్రతి ముక్కకీ ఒక నంబరు. వరస, రాయి, ముక్క అని మూడు భాగాలుగా ఇస్తే చాలు. నంబరు రాతి మీద రాయకండి! సుద్దతో కూడా వద్దు. చిన్న అట్టముక్క మీద రాసి, పక్కన కొలబద్ద పెట్టి, రెండూ కనిపించేలా ఫొటో తీయండి. ముందు దూరం నుంచి చుట్టుపక్కల రాళ్ళతో సహా, తర్వాత దగ్గరనుంచి, తర్వాత విరిగిన అంచు విడిగా. ఆ అంచే రేపు ఏ ముక్క దేనికి అతుకుతుందో చెబుతుంది.

అరిగిన అక్షరాలు చదవడం

అక్షరాలు కనిపించకపోతే కొందరు షేవింగ్ క్రీము, పిండి, సుద్దపొడి పులుముతారు. క్రీములోని ఆమ్లాలు, నూనెలు రాతి రంధ్రాల్లో ఉండిపోతాయి. పిండి బూజుకి విందు భోజనం. మన శాసన పరిశోధకులు తడి కాగితం పరిచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది నకలు తీసే పద్ధతి గుర్తొచ్చి నేనూ ఉత్సాహపడ్డాను. గట్టి రాతి మీద, అనుభవజ్ఞుల చేతిలో అది గొప్ప పద్ధతే. రాలిపోతున్న పాలరాతికి ఆ దెబ్బలు చాలు పోవడానికి. న్యూ హాంప్‌షైర్ లో అయితే సమాధి రాతి మీద కాగితం పెట్టి రుద్దాలన్నా ముందు అనుమతి కావాలి.

రాతిని ముట్టుకోకుండా చదివే సాధనం వెలుగు. ఎదురుగా పడే వెలుగులో నీడలుండవు. పక్కనుంచి, రాతికి దాదాపు సమాంతరంగా పడే వెలుగులో చిన్న గీత కూడా నీడ వేస్తుంది. నిలువుటద్దం ఒకటి తీసుకెళ్ళి, ఎండని రాతి పక్కనుంచి కొట్టించండి. ఏమీ లేదనుకున్న చోట పేరు లేచి నిలబడుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది.

దీనికే పెద్దన్న లాంటి పద్ధతి ఒకటుంది: రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్. 2001 లో హెచ్‌పి ల్యాబ్స్ లో టామ్ మాల్జ్‌బెండర్ బృందం దీనికి మూలమైన పద్ధతిని ప్రచురించింది. కెమెరా, రాయి కదలవు, దీపం మాత్రం కదులుతుంది. నలభై, యాభై దిక్కుల నుంచి వెలుగు వేసి అన్ని ఫొటోలు తీస్తారు. రాతి పక్కన నున్నటి నల్ల గోళీ ఒకటి పెడతారు. గోళీ మీద మెరిసే చుక్క ఎక్కడుందో చూసి, ఆ ఫొటోకి వెలుగు ఏ దిక్కునుంచి వచ్చిందో సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. దాన్నిబట్టి ప్రతి పిక్సెల్ దగ్గర రాతి ఉపరితలం ఎటు వాలి ఉందో తెలుస్తుంది. ఇంక ఇంట్లో కూర్చుని, మౌసుతో దీపాన్ని ఎటు కావాలంటే అటు తిప్పి చదువుకోవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కల్చరల్ హెరిటేజ్ ఇమేజింగ్ అనే సంస్థ దీనికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తుంది. విరిగిన ముక్కల ఆకారం కావాలంటే చుట్టూ తిరిగి ఒకదానిమీద ఒకటి సగానికి పైగా కలిసేలా ఫొటోలు తీసి, మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కి ఇస్తే త్రీడీ నమూనా తయారవుతుంది.

టేబుళ్ళు గీసేవాళ్ళకి నాలుగు మాటలు

మన పాఠకుల్లో చాలామంది డేటా మనుషులే కాబట్టి ఇవి విడిగా చెబుతాను.

ఒకటి, సమాధి వేరు, రాయి వేరు, మనిషి వేరు. ఒక రాతి మీద నలుగురి పేర్లుండవచ్చు. ఒకే మనిషికి తల దగ్గర ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి రెండు రాళ్ళుండవచ్చు. కాబట్టి మూడు వేర్వేరు టేబుళ్ళు, ముక్కలకి నాలుగోది.

రెండు, తేదీని తేదీగా దాచకండి, అక్షరాలుగా దాచండి. 1752 దాకా బ్రిటిష్ వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25 న మొదలయ్యేది. అందుకని ఫిబ్రవరి మరణాన్ని 1731/2 అని రెండు సంవత్సరాలతో చెక్కారు. మీ డేటాబేసు దాన్ని తప్పు అంటుంది. నిజానికి తప్పు డేటాబేసుదే. రాతిమీద ఉన్నది ఒక కాలమ్ లో, మీరు అర్థం చేసుకున్నది మరో కాలమ్ లో పెట్టండి.

మూడు, వయసు. 'ఆమె అయిదో ఏట' అని ఉంటే నిండినవి నాలుగే.

నాలుగు, మాటలు. 'రెలిక్ట్' అంటే భర్త పోయాక మిగిలిన భార్య. 'కాన్సార్ట్' అంటే భర్త ఉండగానే పోయినావిడ. ఇది చెబితే మా అమ్మ వెంటనే "పుణ్యస్త్రీ అన్నమాట" అంది. ఇంత సరైన అనువాదం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

అన్నీ అయ్యాక ఆ వివరాలు ఒక్క ల్యాప్‌టాప్ లో ఉంచకండి. ఊరి గ్రంథాలయానికి ఒక ప్రతి, కమిషన్ కి ఒకటి, కాగితం మీద ఒకటి ఇవ్వండి. 1995 లో జిమ్ టిప్టన్ మొదలుపెట్టి, 2013 లో యాన్‌సెస్ట్రీ కొన్న 'ఫైండ్ ఎ గ్రేవ్' లాంటి చోట్లా పెట్టవచ్చు. కానీ అక్కడ లెక్క మనిషి పేరు మీద నడుస్తుంది, ముక్క చోటు మీద కాదు. కాబట్టి అసలు ప్రతి మీ ఊళ్ళో ఉండాల్సిందే.

శుభ్రం చేయడం, అతికించడం

ఇక్కడ చెయ్యకూడనివే ఎక్కువ. అనుమతి లేకుండా ఏదీ చెయ్యకూడదు. మసాచూసెట్స్ లో సమాధి రాయిని పగలగొట్టడమే కాదు, కావాలని తొలగించడం కూడా నేరమే.

బ్లీచి వద్దు. ఆరిన తర్వాత లవణాలు రాతిలో మిగిలి, లోపలినుంచి పగలగొడతాయి. ఇనుప బ్రష్షు వద్దు, ప్రెషర్ వాషర్ అసలు వద్దు. గట్టిగా ఉన్న రాతికి మంచినీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. కింది నుంచి పైకి కడగాలి, లేకపోతే మురికి చారలు కడతాయి. నాచు వదలకపోతే డి/2 అనే ద్రావణం వాడతారు. ఇందులో ఆమ్లం గానీ బ్లీచి గానీ ఉండవు. లూసియానాలోని నాకటిష్ లో నేషనల్ పార్క్ సర్వీసుకి చెందిన పరిరక్షణ సాంకేతిక కేంద్రం ఉంది. వాళ్ళు రకరకాల ద్రావణాలని పాలరాతి మీద పరీక్షించి మరీ సలహాలిస్తారు. మొదలుపెట్టే ముందు వాళ్ళ పాఠాలు చూడండి.

సిమెంటు వద్దు. పోర్ట్‌లాండ్ సిమెంటు పాలరాతికన్నా గట్టిది. ఎండకీ చలికీ రెండూ వ్యాకోచించి సంకోచించేటప్పుడు ఓడిపోయేది రాయే. పాత రాళ్ళకి కావలసింది మన తాతల నాటి డంగు సున్నం లాంటి మెత్తటి సున్నపు గచ్చు. అది రాతికన్నా ముందు తాను పగులుతుంది. ఇనుప మేకులూ వద్దు, తుప్పు పట్టి ఉబ్బి రాతిని చీలుస్తాయి. అతికించే పని శిక్షణ ఉన్నవాళ్ళకి వదిలేయండి.

బరువు సంగతీ మరచిపోకండి. నాలుగడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న పాలరాయి దాదాపు 340 పౌన్లు, అంటే 150 కిలోలు పైనే. ఒరిగి ఉన్న రాతికి పిల్లల్ని ఆనుకోనివ్వకండి.

మరి విరిగిన ముక్క కనబడితే ఏం చెయ్యాలి? కదపకుండా ఫొటో తీసి, కొలిచి, నంబరిచ్చి, బాధ్యులకి చెప్పాలి. యంత్రం తగులుతుందనుకుంటే చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టండి. నేనా రోజు చెయ్యాల్సింది అదే. అయిదు నిమిషాలే పట్టేది.

చివరికి ఏమైంది?

మసాచూసెట్స్ ఊళ్ళ 1850 వరకు ఉన్న జనన మరణాల వివరాలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుస్తకాలుగా అచ్చయ్యాయి. కొన్ని పేర్ల పక్కన జి. ఆర్. అని ఉంటుంది, ఆ సంగతి సమాధి రాతి మీద చూసి రాశామని అర్థం. అంటే ఎవరో ఒకాయన, వందేళ్ళకి ముందు, పెన్సిలూ పుస్తకం పట్టుకుని మా పెరటి గోడ అవతల నడిచాడు! మా ఊరి పుస్తకంలో మేము వెతికాం. ఆ ఇంటి బిడ్డలిద్దరూ దొరికారు. 1840ల్లో, నాలుగేళ్ళది ఒకటి, ఏడాదిన్నర వాడు ఒకడు.

పేర్లు దొరికాయి. అద్దంతో ఎండ కొట్టించి పదకొండు ముక్కల్లో ఏడు ఏ రాతివో తేల్చాం. నాలుగు తేలలేదు. ఏ రాయి ఏ సమాధి మీదిదో మాత్రం ఇప్పటికీ తెలియదు, ఇక తెలియదు కూడా. మా టేబుల్లో ఆ రెండు వరసల దగ్గర చోటు అనే కాలమ్ ఖాళీగా ఉంటుంది. పక్కన కారణం రాయమన్నారు పెద్దావిడ. "నమోదు చేయకుండా కదిపారు" అని నేనే టైపు చేశాను.

మొన్న వేసవిలో మళ్ళీ వచ్చినప్పుడు అమ్మని తీసుకెళ్ళాను. మొదట గేటు దగ్గరే నిలబడిపోయింది. తర్వాత నెమ్మదిగా లోపలికి వచ్చి, పేర్లేమిటని అడిగింది. చెప్పాను. ఆవిడ నోటికి తిరగకపోయినా రెండుసార్లు పలికింది. "మనకి రాళ్ళుండవురా, తర్పణాల్లో మూడు తరాల పేర్లు చెబుతాం, అంతే. వీళ్ళకి చెప్పేవాళ్ళెవరున్నారు, నువ్వే రాసిపెట్టు" అంది. ఇంటికొచ్చాక స్నానం మాత్రం చేయించింది, ఇద్దరికీ.

మాది బందరు. అక్కడా డచ్చి వాళ్ళ పాత సమాధులున్నాయి, చిన్నప్పుడు ఆ రాళ్ళ మీద కూర్చుని జీడిపప్పు పాకం తిన్నవాణ్ణే. భీమిలిలోనూ ఉన్నాయి. మన భాషకి నిఘంటువు ఇచ్చిన బ్రౌన్ దొర సమాధి లండన్ లో కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. ఇలాంటివి మీరున్న ఊళ్ళోనూ ఉంటాయి. వచ్చే వసంతంలో మీ ఊరి వాళ్ళు వలంటీర్లని పిలిస్తే వెళ్ళండి. టేపు, అద్దం, నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. పురుగులు కుట్టకుండా నిండు ప్యాంటు వేసుకోండి. తెల్లటి ముక్క ఏదైనా ఆకుల్లో కనిపిస్తే, వంగి తీసేముందు ఒక్క క్షణం ఆగండి.